నర్సమ్మ యుద్ధానికి వెళ్ళిన ఏడాది

సైన్యంలో చేరటానికి ఒకసారి నేనూ వెళ్ళాను. గుంటూరులో ఒక బడి ఆవరణలో బల్లలు వేసుకుని కూర్చున్నారు. చొక్కా విప్పమంటే విప్పాను. టేపు పట్టుకున్న ఆయన నా ఛాతీ చుట్టూ దాన్ని చుట్టి, అంకె చూసి, నమ్మకం కుదరక మళ్ళీ చుట్టి, "బాగా ఊపిరి పీల్చవయ్యా" అన్నాడు. "పీల్చే ఉన్నానండి" అన్నాను. వెనక వరసలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఆయన నవ్వలేదు. ఏం పని చేస్తావని అడిగాడు. మిరపకాయల కొట్లో అన్నాను. ఒకసారి దగ్గమన్నాడు. దగ్గాను. ఆ దగ్గు విని చొక్కా నా చేతికిచ్చి, తర్వాతివాణ్ణి పిలిచాడు.

నన్ను వద్దన్న ఆ సైన్యమే, అంతకు పది రోజుల ముందు, నేను పెళ్ళాడాలనుకున్న మనిషిని రమ్మని తీసుకుపోయింది. చైనా యుద్ధం వచ్చిన ఏడు సంగతి ఇది. అందరి ఇళ్ళల్లో మగవాళ్ళు యుద్ధానికి వెళితే ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి ఎదురు చూసేవాళ్ళు. నా విషయంలో గుమ్మం నాకొచ్చింది.

ఆమె నర్సు. ఊరు మంగళగిరి. వాళ్ళ నాన్న చేనేత మనిషి, గుంట మగ్గం మీద చీరలు నేసేవాడు. నేను థర్డు ఫారంతో బడి మానేశాను. మానేశానని నేనంటాను, మాన్పించామని మా పంతుళ్ళంటారు. మా ఊరు గుంటూరుకి పది మైళ్ళు. నాన్న లేడు, అమ్మ పత్తీ మిరపా వేసి సేద్యం చేయించేది. నేను గుంటూరు మిరప యార్డులో ఒక కమీషన్ కొట్లో బేరగాడిగా కుదిరాను.

మా యార్డులో పనిచేసేవాళ్ళు తరచూ ఆసుపత్రికి వెళ్ళేది రెండింటికే, కంటికీ దగ్గుకీ. ఒక వేసవిలో ఏమరపాటున మిరపకాయలు పట్టిన చేత్తో కన్ను నులుముకుని, తుండు మొహానికి అడ్డం పెట్టుకుని ఆసుపత్రిలో దిగాను. ఎవరో తల వెనక్కి వంచి కంట్లో నీళ్ళు పొయ్యటం మొదలుపెట్టారు. కనపడదు, మాటే వినపడుతుంది. ఆ గొంతు అరగంట సేపు నన్ను తిట్టింది. మిరపకాయలు పట్టుకునేవాడికి చేతులు కడుక్కోవటం ఎవరూ నేర్పలేదా అంది. నేర్పారు నర్సమ్మా, కడుక్కోవటానికి బావి దగ్గరకి దారి కనపడలేదు అన్నాను. నవ్వు వినపడింది. మొహం ఆ తర్వాత చూశాను. అప్పటి నుంచి ఏడాదిన్నర పాటు మా కొట్లో అందరికంటే నాకే కళ్ళు ఎక్కువ మండాయి.

ఆమె సెలవు రోజున మంగళగిరి బస్సు దాకా సంచి మోసేవాణ్ణి. బస్సు కదిలేలోగా మాట్లాడుకునేది పావుగంట. ఒకసారి ఆ పావుగంటలో, తను మా పెళ్ళి సంగతి ఇంట్లో చెప్పేశానంది. వాళ్ళ నాన్న వారం రోజులు మాట్లాడలేదట. తర్వాత, సరే, నీ ఇష్టం అన్నాడట. కులం వేరు, వృత్తి వేరు, అయినా ఆయన అన్నాడు. "ఇక నీ వంతు. మీ అమ్మతో చెప్పు" అంది. తప్పకుండా, ఈ మిరప సీజన్ అయిపోగానే చెబుతానన్నాను. మిరప అయ్యాక పత్తి వచ్చింది. పత్తి అయ్యాక అమ్మ నడుం నొప్పితో పడుకుని ఉంది. ఆ తర్వాత వానలు. మా ప్రాంతంలో ఏ నెలకా నెల ఏదో ఒక పంట పని ఉంటుంది, భయపడేవాడికి ఇంతకంటే మంచి నేల దొరకదు.

చైనా వాళ్ళు కొండలు దిగి వస్తున్నారని రేడియోలో చెప్పిన రోజుల్లో, ఆసుపత్రికి ఒక కాగితం వచ్చింది. మిలటరీ ఆసుపత్రులకి నర్సులు కావాలి, ఇష్టమున్నవాళ్ళు సంతకం పెట్టమని. ఆమె పెట్టింది. పెట్టిన నాలుగు రోజులకి నాకు చెప్పింది. నాకు ముందుగా ఎందుకు చెప్పలేదని కోపగించుకున్నాను. ఆమె నిదానంగా, "ఎవరని చెప్పను? కాగితంలో తండ్రి పేరు అడిగారు, భర్త పేరు అడిగారు. నీకు గడి ఎక్కడుందో చూపించు" అంది.

అప్పుడు కూడా నేను ఏదో హాస్యమాడాను. ఏమన్నానో గుర్తులేదు. గుర్తులేకపోవటమే మేలు.

ఆమెని లెఫ్టినెంటు చేస్తారట. మా వీధి పోలీసు కనపడితేనే లేచి నిలబడేవాణ్ణి, ఇక ఇంట్లో రోజంతా నిలబడే ఉండాలన్నమాట అన్నాను. నవ్వింది. నవ్వింది కాబట్టి అంతా సర్దుకుందనుకున్నాను.

బెజవాడలో కలకత్తా బండి ఎక్కాలి. వాళ్ళ నాన్న మంగళగిరిలో రైలెక్కి ముందు పెట్టెలో కూర్చున్నాడని తెలిసి, నేను ఆఖరి పెట్టెలో వెళ్ళాను. ప్లాట్‌ఫారం మీద ఆయన మంచినీళ్ళు పట్టటానికి వెళ్ళినప్పుడు ఆమె నా దగ్గరకి వచ్చింది.

ఇక్కడ మా బేరం సంగతి చెప్పాలి. మా యార్డులో బేరం నోటితో జరగదు, తుండుగుడ్డ కింద జరుగుతుంది. కొనేవాడూ అమ్మేవాడి తరఫు బేరగాడూ ఎదురెదురుగా నిలబడి కుడి చేతులు కలిపి, పైన తుండు కప్పుకుంటారు. చుట్టూ ఎందరున్నా ఎవరికీ ఏమీ కనపడదు. వేలు నొక్కితే ఒకటి, రెండు వేళ్ళయితే రెండు, చెయ్యి మొత్తం పట్టుకుంటే ఐదు. మొహంలో ఏమీ తెలియనివ్వకూడదు. ఈ విద్యలో మొదటి పాఠం ఒకటుంది. ఎదుటివాడి మొదటి మాటకి ఎప్పుడూ ఒప్పుకోకూడదు. నచ్చితే మరీ ఒప్పుకోకూడదు. ముందు తగ్గించి నొక్కాలి. ఇదంతా ఆమెకి బస్సు దగ్గర నేనే ఆడుతూ నేర్పాను.

ఆమె నా భుజం మీది తుండు తీసి మా ఇద్దరి చేతుల మీదా కప్పింది. దాని కింద నా చెయ్యి మొత్తం పట్టుకుంది, గట్టిగా. ఆసుపత్రి సబ్బుకి గరుకెక్కిన చెయ్యి. "నాది చెప్పాను. నీది చెప్పు" అంది.

పదకొండేళ్ళుగా రోజుకి ఇరవై ముప్ఫై సార్లు చేసిన పని. ఆలోచించే లోపలే నా వేళ్ళు కదిలాయి. ఆమె చూపుడువేలు ఒక్కటే పట్టుకుని నొక్కాను. ఒకటి. మొహంలో ఏమీ తెలియనివ్వలేదు కూడా.

తమాషాకే నొక్కాను. ఆమె మళ్ళీ అడుగుతుంది, నేను రెండు నొక్కుతాను, అలా పెంచుకుంటూ బండి కదిలేలోపు ఐదుకి వస్తాననుకున్నాను. ఆమె చెయ్యి తీసేసుకుంది. తుండు మడిచి నా భుజం మీద వేసి, "వెళ్ళొస్తాను" అంది. వాళ్ళ నాన్న చెంబుతో వస్తున్నాడు. నేను ఎవరినో వెతుకుతున్నట్టు పక్కకి నడిచాను.

ఆ తర్వాతే నేను ఛాతీ కొలిపించుకోవటానికి వెళ్ళింది. వీరత్వం కాదు. సైన్యం అంటే ఒకే చోట ఉంటుందనీ, ఎలాగో అక్కడికి చేరితే కనపడుతుందనీ అనుకున్నాను. నా చదువు అంతవరకే.

రేడియో ఉన్న కాఫీ హోటల్లో పొద్దున్నా సాయంత్రం కూర్చునేవాణ్ణి. వార్తల్లో వచ్చే ఊళ్ళ పేర్లు మాకెవరికీ నోరు తిరిగేవి కావు. వెనక్కి తగ్గారన్న మాట మాత్రం బాగా అర్థమయ్యేది. ఫలానా చోట ఆసుపత్రిని కూడా ఖాళీ చేశారట అని ఎవరో అన్న రోజు, నేను రెండు మినపట్లు తిని, మూడోది చెప్పి, అది వచ్చేలోగా బయటికి వచ్చి కాలవ పక్కన కక్కుకున్నాను. హోటలాయన పిండి పులిసిందేమోనని కంగారు పడ్డాడు. అవునండి, పిండే అన్నాను.

మధ్యాహ్నం డ్యూటీ మారే వేళకి ఆసుపత్రి గేటు ఎదురుగా నిలబడేవాణ్ణి. తెల్లచీరలు బయటికి వచ్చేవి. దూరం నుంచి ప్రతి నర్సూ ఆమే. దగ్గరకి వచ్చేకొద్దీ ఒక్కొక్కరే కాకుండా పోయేవాళ్ళు. చివరి ఆమె కూడా కాకుండా పోయాక కొట్టుకి తిరిగి వచ్చేవాణ్ణి. మిరపకొట్లో పనిచేసేవాడికి ఒక సౌకర్యం ఉంది. ఏడుస్తుంటే ఎవరూ ఎందుకని అడగరు.

యుద్ధం ఆగిందన్న తర్వాత వచ్చింది మొదటి ఉత్తరం. కవరు మీద ఊరి పేరు లేదు, ఏదో నంబరు. లోపల రెండు వరసలు ఎవరో నల్లసిరాతో కొట్టేశారు. యుద్ధం ఆగింది గానీ తనకి ఆగలేదని రాసింది. వార్డు నిండా చలికి కాళ్ళు పోయినవాళ్ళు. "ఇక్కడి చలి మీ మిరపకాయలాంటిదే. ముందు మండుతుందట. తర్వాత ఏమీ తెలియదట. మంట పోయిందని సంతోషపడతారు పిచ్చివాళ్ళు. మంట పోవటమే జబ్బు" అని రాసింది. కింద, "ఏమన్నా నవ్వొచ్చేది రాయి" అంది.

ఆ ఒక్క పనే నాకు చేతనయ్యేది. కొట్లో దొరికిన కాగితం మీద పెన్సిలుతో రాశాను. అబద్ధమాడబోయేముందు తుమ్మే మా షావుకారు సంగతి రాశాను. తొడిమలు తీసే ఆడవాళ్ళు నాకు పెట్టిన పేర్లన్నీ రాశాను. నా ఛాతీ కథ రాశాను. జవాబు వచ్చింది. పొన్నూరు వైపు సిపాయి ఒకతను వార్డులో ఉన్నాడట, పంతొమ్మిదేళ్ళవాడు, రెండు పాదాలూ తీసేశారట. తెలుగు మాట వినక చాలా రోజులైందని ఉత్తరం చదివి వినిపించమన్నాడట. "పీల్చే ఉన్నానండి" అన్న చోట నవ్వి నవ్వి మంచం ఊగిపోయిందట. మీ మిరపకాయలాయన మళ్ళీ ఎప్పుడు రాస్తాడు సిస్టర్ అని రోజూ అడుగుతున్నాడట.

నాకు రెక్కలొచ్చాయి. వారానికి రెండు ఉత్తరాలు రాశాను. నిజం అయిపోతే కల్పించి రాశాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఉత్తరాలు ఆ సిపాయికి రాశాను, ఆమెకి కాదు. ఆమె అడగవలసింది అడుగుతుందేమోనన్న భయంతో మధ్యలో ఆ పిల్లవాణ్ణి అడ్డం పెట్టుకున్నాను.

మిరప సీజన్ మంచి ఊపులో ఉండగా చిన్న ఉత్తరం వచ్చింది. "ఆ అబ్బాయి పోయాడు. చీము ఒంట్లోకి పాకింది. నీ ఆఖరి ఉత్తరం సగం చదివాను, మిగతా సగం సాయంత్రం చదవమన్నాడు. ఇక నవ్వొచ్చేవి రాయకు. నాకు ఒక్క మాట రాయి. మీ అమ్మతో చెప్పావా లేదా. చెప్పలేదంటే చెప్పలేదనే రాయి, నేను చచ్చిపోను. ఇక్కడ చచ్చిపోవటమంటే ఏమిటో చూస్తున్నాను."

ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని రోజంతా బేరాలు చేశాను. చెప్పానని రాస్తే అబద్ధం. చెప్పలేదని రాస్తే నిజం, అదింకా కష్టం. ఆదివారం ఊరికి వెళ్ళాను. అమ్మ మిరపకళ్ళంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. పక్కన కూర్చుని నేనూ ఏరాను. సూర్యుడు వాలేదాకా ఏరాను. ఎప్పుడూ లేంది ఇంత పని చేస్తున్నావేందిరా, ఒంట్లో బాగానే ఉందా అని అడిగింది. బాగానే ఉంది అన్నాను. గుంటూరు తిరిగి వచ్చేశాను.

జవాబు రాయలేదు. తెగని బేరంలో గమ్మున ఉండటం కూడా మా విద్యే. ఎదుటివాడే మళ్ళీ నోరు విప్పుతాడని ఆగుతాం. వారం ఆగాను, నెల ఆగాను. ఆమె మళ్ళీ నోరు విప్పలేదు. పోస్టుమాన్ సైకిలు మీద వెళుతూ, అడక్కముందే చెయ్యి ఊపేవాడు లేదని. అంతకు ముందు నేను అతన్ని ఏడిపించేవాణ్ణి. ఇప్పుడు అతను నన్ను చూసి జాలిపడటం మొదలుపెట్టాడు, అది భరించలేక అతను వచ్చే వేళకి గోడౌన్‌లోకి పోయేవాణ్ణి.

ఎండలు ముదిరాక ఇక ఉండలేక మంగళగిరి వెళ్ళాను. ఉందో లేదో తెలిస్తే చాలనుకున్నాను. అడుగుతూ పోతే ఇల్లు దొరికింది. వాళ్ళ నాన్న గుంటలో కాళ్ళు పెట్టి నేస్తున్నాడు. నన్ను చూసి, అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపాడు. పక్కనే గోడకి ఆమె ఫోటో, యూనిఫారంలో. ఆ బట్టల్లో ఆమెని చూడటం అదే మొదలు. జుట్టు కత్తిరించుకుంది.

ఎవరు బాబూ అన్నాడు. గుంటూరు నుంచండి, ఆసుపత్రిలో తెలిసినవాణ్ణి, అమ్మాయిగారు క్షేమమేనా అని అడిగాను. క్షేమమే, మొన్ననే ఉత్తరం వచ్చింది, ఒళ్ళు కాస్త తగ్గిందట అన్నాడు. ఉందని తెలిసింది. అదే క్షణంలో, తండ్రికి రాస్తోంది, నాకే రాయటం లేదని కూడా తెలిసింది.

ఆయన నా చేతుల వైపు చూశాడు. గోళ్ళల్లో ఎరుపు ఎంత కడిగినా పోదు.

"మా అమ్మాయి ఒకతన్ని గురించి చెప్పింది. మిరప యార్డులో పని, బాగా నవ్విస్తాడంది. ఆ అబ్బాయివి నువ్వేనా?" అన్నాడు.

ఇంత తేలిక ప్రశ్న నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. పైగా ఆయన అడిగిన తీరులో కోపం లేదు. అవునంటే లోపలికి రమ్మని చాప వేసేవాడే. కానీ అవునన్నాక ఆయన రెండో ప్రశ్న అడుగుతాడు, మీ వాళ్ళతో మాట్లాడావా అని.

"కాదండి. అతను వేరే కొట్టు" అన్నాను.

ఆయన మళ్ళీ నా గోళ్ళ వైపు చూసి, సరే బాబూ, మజ్జిగ తాగి వెళ్ళు అన్నాడు. తాగాను. వెనక మళ్ళీ మగ్గం చప్పుడు మొదలయ్యేదాకా సందు చివర నిలబడ్డాను.

ఇరవై రోజులకి ఆమె దగ్గర నుంచి కార్డు వచ్చింది. కవరు కూడా కాదు, కార్డు. "మా నాన్న రాశాడు. గోళ్ళు ఎర్రగా ఉన్నతను వచ్చి నన్నడిగాడని, నువ్వేనా అంటే కాదన్నాడని. మజ్జిగ తాగేటప్పుడు పొలమారిందని కూడా రాశాడు. నా ప్రశ్నకి జవాబు అందింది."

ఆ కార్డు పట్టుకుని కొట్లో చెప్పకుండా ఊరికి పరుగెత్తాను. గడప దాటుతూనే అమ్మతో అంతా చెప్పాను. ఫలానా పిల్ల, ఫలానా కులం, నర్సు, యుద్ధంలో ఉంది, చేసుకుంటాను అన్నాను. అమ్మ రెండు రోజులు కేకలేసింది. ఒక రోజు వండలేదు. నాలుగో రోజు పొద్దున చెంబు నా ముందు పెట్టి, ఆ పిల్ల సెలవు మీద వస్తే ఒకసారి తీసుకురా, చూస్తాను అంది. అంతే. ఏడాదిన్నర నేను భయపడింది నాలుగు రోజుల పని.

ఆ రోజే రాశాను. హాస్యం లేకుండా నేను రాసిన మొదటి ఉత్తరం అది, నాలుగు వరసలు. జవాబు రావటానికి రెండు నెలలు పట్టింది. మంచి ఉత్తరం రాశావు అంది. శీతాకాలంలో ఇది వచ్చి ఉంటే వార్డు మధ్యలో నిలబడి ఏడ్చేదాన్ని అంది. తను ఇంకో ఐదేళ్ళకి సంతకం పెట్టానంది. తన కోసం చూడొద్దంది. కోపం లేదని రెండుసార్లు రాసింది. కోపం ఉంటే బతిమాలుకునేవాణ్ణి.

చూడొద్దన్నంత మాత్రాన చూడకుండా ఉంటామా. అరవై అయిదులో పాకిస్తాను యుద్ధం వచ్చినప్పుడు మళ్ళీ అదే హోటల్లో, అదే రేడియో ముందు కూర్చున్నాను. ఈసారి ఊళ్ళ పేర్లు పలకగలిగేవే. మేము పలకగలిగినంత మాత్రాన ఆ ఊళ్ళల్లో తక్కువమంది పోలేదు. నాకు అడిగే హక్కు లేదు, అడిగేందుకు ఎవరూ లేరు. వాళ్ళ నాన్న అంతకు ముందేడే పోయాడు. యుద్ధం అయ్యాక, ఆమెతో కలిసి చదువుకున్న నర్సు ఒకామెని గేటు దగ్గర ఆపి అడిగాను. ఉంది, బాగానే ఉంది, పంజాబులో ఎక్కడో అంది. నా గురించి ఏమన్నా అడిగిందా అన్నాను. ఆమె నా మొహం వైపు చూసి, అబద్ధం చెప్పటం ఇష్టం లేక, లేదండి అంది.

ఆ మరుసటి ఏడు అమ్మ నాకు సంబంధం తెచ్చింది. వద్దన్నాను. మళ్ళీ తెచ్చింది. అప్పుడు నాకు ఒళ్ళు మండి, నీ మూలంగానే నా బతుకు ఇలా అయిందని, నీకు భయపడే ఆ రోజు మంగళగిరిలో వాళ్ళ నాన్న ముందు ఆ అబ్బాయిని నేను కాదన్నానని, ఇప్పుడు ఏ మొహంతో సంబంధాలు తెస్తున్నావని అరిచాను. అమ్మ అంతా విన్నది. చేట పక్కన పెట్టి, గొంతు పెంచకుండానే అంది.

"నా పేరు చెప్పమాకు. నాకు భయపడేవాడివైతే నేను చదువుకో అన్నప్పుడు బడి మానేవాడివా? నువ్వు అవునంటే ఆ పిల్ల నిన్ను ఇక నమ్ముకుంటదని, రేపటి నుంచి నవ్వులాట కుదరదని భయపడ్డావు. ఎక్కడో మంచులో కాళ్ళు తెగినోళ్ళని పట్టుకుని కూర్చున్న పిల్లకి లేని భయం, నీడపట్టున ఉండావు నీకెందుకురా?"